నీలం అతుకు

"ఈ అతుకు పనికిరాదండి."

గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నది ఓ నడివయసు ఆవిడ. నేత చీర, భుజాన సంచి.

సామర్లకోటలో వెల్డింగ్ షాపు నడుపుతున్న జయపాల్‌కి ఒళ్ళు మండింది. సాయంత్రం రొయ్యపిల్లల హేచరీ నుంచి ఇంజనీర్ సుకుమార్ వస్తాడు. శాంపిల్ పాసయితేనే టైటానియం పైపుల ఆర్డర్. షాపులో ఆరుగురి పని దానిమీదే ఉంది.

"ఎలా మెరుస్తుందో చూడండి, నెమలి మెడలా! స్టీలు మీద ఈ నీలం చూసే అందరూ నా దగ్గరికొస్తారు."

"స్టీలుకి అందమేనండి. టైటానియానికి జబ్బు. వేడి మీద గాలి తగిలింది. వంచితే విరిగిపోద్ది."

"హేచరీ వాళ్ళదే తప్పమ్మా. టైటానియంలో గ్రేడ్ ఫైవ్ రకం తీసుకోమన్నాను. గ్రేడ్ టూ చాలన్నారు."

ఆవిడ నవ్వింది.

"అంకె పెద్దదైతే గొప్పనుకున్నారా? గ్రేడ్ ఫైవ్ గట్టిది, విమానాలకి వాడతారు. పైపుల్ని వంచాలి కదండీ! గ్రేడ్ టూ చెప్పినట్టు వంగుద్ది. ఉప్పునీళ్ళలో ఏళ్ళతరబడి ఉన్నా చెక్కుచెదరదు."

"మీకెందుకమ్మా ఇవన్నీ? పనుంటే చెప్పండి, లేకపోతే దయచేయండి."

ఆవిడ కదల్లేదు.

"తప్పని తెలిసీ చూస్తూ ఊరుకోలేనండి. ఇంకొక్కటి చేసి చూడండి."

జయపాల్ మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. వెల్డింగ్ టార్చి అందుకున్నాడు.

గాలి తగలకుండా ఆవిడ పైపు లోపలికి కూడా ఆర్గాన్ గ్యాస్ పెట్టించింది.

"ఆర్క్ మంట ఆపినా గ్యాస్ ఆపకండి. చల్లారేదాకా అక్కడే పట్టుకోండి. ఆ... అంతే."

అతుకు తోమిన వెండి గ్లాసులా తెల్లగా వచ్చింది. ఇరవై ఏళ్ళలో అంత మంచి అతుకు జయపాల్ చేతి మీదుగా రాలేదు. ఆ మురిపెంలో ఆవిడ వెళ్ళొస్తానన్నా పలకలేదు, పేరైనా అడగలేదు.

సాయంత్రం సుకుమార్ రెండు అతుకులూ బిగించి వంచాడు. నీలంది టప్పున విరిగింది. తెల్లది వంగింది, చీలలేదు.

"ఆర్డర్ మీదేనండి. ఇలా చేయడం ఎవరు నేర్పారు?"

జయపాల్ దాచలేదు.

"ఎవరో ఆవిడండి. ఎడం చేతి మీద కాలిన మచ్చ ఉంది. మహాతల్లి! కూర్చోమని కూడా అన్లేదు నేను."

సుకుమార్ ఆ తెల్ల అతుకుని వేలితో తడిమాడు.

"వీరదుర్గ గారు. కాకినాడలో ఆవిడకీ వెల్డింగ్ షాపుందండి. 'జయపాల్ గారి శాంపిల్ విరిగితే ఆర్డర్ మీకే' అని పొద్దున్న ఆవిడకి ఫోన్ చేసి చెప్పింది నేనే."