దెయ్యానికి డబ్బింగ్

హిందీ సినిమాలను తెలుగులోకి మార్చే ఆ ఘాజియాబాద్ స్టూడియోలో పదిహేనేళ్లుగా దెయ్యాలన్నిటికీ గొంతు రాజరత్నానిదే. డిటెక్టివ్ గొంతులు మాత్రం చదువుకున్న బాబులకే. ఈ రాత్రి దెయ్యం నవ్వు ఒక్క టేకులో ఓకే అయితే, వచ్చే సినిమాలో డిటెక్టివ్ ఆయనేనని సౌండ్ ఇంజనీరు భరద్వాజ్ మాటిచ్చి, ఆ డైలాగుల కాగితాలు ముందే ఆయన చేతికిచ్చాడు.

తెరమీద దెయ్యం నోరు తెరిచింది. రాజరత్నం ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. ఇంతలో హెడ్‌ఫోన్లో ఓ నవ్వు, గది అద్దం గడగడలాడేలా.

“అదిరింది అంకుల్, ఓకే!” అద్దం అవతలి నుంచి అరిచాడు భరద్వాజ్.

“నేనింకా నవ్వనేలేదు బాబూ!”

“మరెవరు నవ్వారు?”

రాజరత్నానికి వెన్ను జలదరించేలోపే కడుపు మండింది. చెవి పక్కనే ఎవరో మర్యాదగా గొంతు సవరించుకున్నారు.

“నేనే భయ్యా. ఓకే అయింది కదా, ఆ డిటెక్టివ్ డైలాగుల కాగితాలు ఇటివ్వండి.”