ఖాళీ కొక్కెం

2022 ఆగస్టు 19. ఆ మధ్యాహ్నం ఏం తిన్నాడో యుగంధర్‌కు ఇప్పటికీ గుర్తే. గంజిలా మెత్తగా ఉడికిన అన్నం, పోపు లేని పెసరపప్పు, చల్లారిన పాలు. మిరపకాయ జాడ లేదు.

"మీది గుంటూరే కదా సార్? ఇదేం భోజనం?" అన్నాడు నవ్వుతూ.

"ఈ మధ్య కారం మానేశామండి. వంట కూడా నాదే." సామ్యూల్ స్టీలు క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"మేడం గారు ఊళ్ళో లేరా?"

"ఇంట్లోనే ఉంది."

"అయితే పెట్టి పుట్టారు ఆవిడ."

సామ్యూల్ కూడా నవ్వాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. రాయ్‌పూర్‌లోని ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో కొత్త రేడియేషన్ మెషీన్‌ను రోజూ పొద్దున్నే కొలిచి, సరిగా ఉందని సంతకం పెట్టే బాధ్యత అతనిది. ఆ కొలత నిజమేనా అని బయటివాడిగా చూసిపోవడానికి విశాఖ నుంచి వచ్చాడు యుగంధర్. రావలసింది నెల మొదట్లోనే. వానలకు రైలు రద్దయింది. ఆ రోజు కృష్ణాష్టమి సెలవు, పేషెంట్లు లేరు.

మెషీన్ గదిలో గోడ పొడవునా తెల్లని వల ముసుగులు వేలాడుతున్నాయి. తల కదలకుండా ముఖం మీద బిగించేవి. ఒక్కో ముసుగు నుదుటి మీద టేపు, టేపు మీద ఫైలు నంబరు. మొదటి కొక్కెం ఖాళీగా ఉంది.

"అది?"

"ట్రీట్‌మెంట్ అయిపోయింది. అయిపోయినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళిపోతారు. పారెయ్యడానికి మనసొప్పదు."

మెషీన్ కింద నీళ్ళ తొట్టె పెట్టి, అందులో పడే రేడియేషన్‌ను యుగంధర్ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలిచాక కుర్చీ వెనక్కి జరిపాడు.

"సార్, మోతాదు మూడున్నర శాతం ఎక్కువొస్తోంది."

"పొద్దున కూడా చూశానండి. సరిగ్గా ఉంది."

"గాలి పీడనం ఎక్కడ చూస్తున్నారు?"

సామ్యూల్ ఫోన్ చూపించాడు. 1002. యుగంధర్ పెట్టెలోంచి తన బారోమీటర్ తీసి బల్ల మీద పెట్టాడు. 969.

పీడనం తప్పితే మోతాదు లెక్కా తప్పుతుంది. ఊరు సముద్రమట్టాన ఉంటే పీడనం ఎంతుండేదో ఫోన్ ఆ అంకె చూపిస్తుంది. రాయ్‌పూర్ మూడు వందల మీటర్ల ఎత్తున ఉంది.

సామ్యూల్ మెల్లగా కూర్చున్నాడు.

"విశాఖలో ఇరవై రెండేళ్ళు చేశానండి. సముద్రం పక్కనే. ఫోనూ బారోమీటరూ ఎప్పుడూ ఒకటే చెప్పేవి. ఇక్కడ మెషీన్ మొదలుపెట్టే ముందు రోజు, ఆదివారం, బారోమీటర్ నా చేతిలోంచి జారి పగిలింది. ఆ రోజు చేతులు నా మాట వినలేదు. ఫోన్ చూసి కొలిచాను. మోతాదు తక్కువొస్తోందనుకుని మెషీన్‌లో నేనే పెంచాను."

ఫైళ్ళ జాబితా తీశారు. బయటివాళ్ళకు పేర్లు చూపరు, నంబర్లే. పంతొమ్మిది. పద్దెనిమిది మందికి ఇంకా సిట్టింగులు మిగిలి ఉన్నాయి. ఎక్కువైనంత వాటిలో తగ్గించి సరిచేయొచ్చు. సామ్యూల్ ఒక్కో నంబరు పక్కన లెక్క వేసుకుంటూ వెళ్ళాడు.

"మరి 2207?" అడిగాడు యుగంధర్.

"మొదటి పేషెంటు. ముప్పై మూడు సిట్టింగులూ అయిపోయాయి. నిన్ననే ఆఖరిది."

"నేను అనుకున్న రోజుకే వచ్చి ఉంటే..."

"రైళ్ళు మన చేతుల్లో ఉన్నాయా అండి." అన్నీ తెలిసిన మనిషే అడిగాడు. "ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు సార్. మింగడానికి పడే బాధ ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఉండొచ్చు. తర్వాత్తర్వాత అంటే... చెప్పలేం."

"ఇచ్చింది వెనక్కి తీసుకోలేం."

"తీసుకోలేం."

యుగంధర్ పెన్ను తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "రిపోర్టు ఎలా రాయమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు. నా పేరుతోనే."

"ఆ పేషెంటుకు చెప్పాలి సార్. ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారేమో."

"చేస్తే బాగుండును," అన్నాడు సామ్యూల్.

లైట్లు ఆర్పడానికి శివాజీ తలుపు దగ్గరికొచ్చాడు. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగు రైల్వే కుటుంబం వాడు, వార్డు అటెండెంటు. "సార్, బత్తీలు బంద్ చేసేదా? అరె, అట్ల కూసున్నరేంది? తబియత్ బాగ లేదా? చాయ్ తెస్త ఉండుండ్రి." అడక్కుండానే రెండు గ్లాసులు తెచ్చిపెట్టాడు. సామ్యూల్ గ్లాసు సగంలోనే చల్లారిపోయింది.

హోటల్‌కు వెళ్తానంటే సామ్యూల్ వినలేదు. సన్నని వానలో స్కూటర్ మీద మోవాలోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. దారిలో ఒక సిగ్నల్ దగ్గర ఆగి, "మీకు రాత్రికి కారం వేసి ఏదైనా వండుతాను. పాపం మధ్యాహ్నం తినలేకపోయారు," అన్నాడు.

ఇల్లు చిన్నది. హాల్లో లైటు తగ్గించి ఉంది. పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. సామ్యూల్ చెప్పులు బయటే విడిచి, వేళ్ళ మీద నడిచి వెళ్ళి తొంగి చూశాడు.

"మా ఆవిడ రత్నకుమారికి ఇవాళ నిద్ర పట్టింది. దేవుడి దయ," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున లేచాక చెప్పొచ్చు లెండి."

"ఏం చెప్పాలి సార్?"

సామ్యూల్ చప్పుడు కాకుండా ఆ తలుపు మూశాడు. తలుపు మేకుకు తెల్లని వల ముసుగు ఒకటి వేలాడుతోంది, దాని నుదుటి టేపు మీద 2207 అని ఉంది.