తొమిజిరో గారి ముద్ర

“పోయిన మనిషి ఎనిమిదేళ్ళుగా మీటింగులకు ఎలా వస్తున్నారండీ?” అంది జిల్లా ఆఫీసు గుమాస్తా మియోషి, కాగితాల కట్ట వెనక్కి తోస్తూ.

బౌద్ధ గుడి పూజారి ర్యోకాయ్ స్వామి గుండు తడుముకున్నాడు. గుడి కమిటీ సభ్యుడు తొమిజిరో కాలం చేసినా, సంతకానికి బదులు కొట్టే ఆయన పేరు ముద్ర గుడి సొరుగులోనే ఉండిపోయింది. ప్రభుత్వానికి ఏటా పంపే నివేదికల మీద మిగతా ముద్రలతో పాటు దాన్నీ కొట్టేయడం స్వామికి అలవాటైపోయింది.

“పొరపాటేనమ్మా. అయినా ఒక్కసారన్నా అడ్డం చెప్పాడా? బతికున్న సభ్యులకంటే ఆయనే నయం.”

“నిరుడు ‘గుడి కప్పు మరమ్మతు ప్రతిపాదనకు తొమిజిరో గారు హర్షం వెలిబుచ్చారు’ అని కూడా రాశారు.”

స్వామికి నవ్వు రాలేదు. ఆ కప్పే ఆయన ప్రాణం తోడేస్తోంది. అది కారుతుంటే బుద్ధుడి నెత్తిన నీలం పట్టా కప్పి ఉంది, తుపాన్లు ముంచుకొస్తున్నాయి. గుడి ప్రభుత్వ రక్షణలో ఉన్న పాతకాలపు కట్టడం. ఈ కాగితాలు సరిగ్గా లేకపోతే ఒక్క మేకు కొట్టడానికైనా అనుమతి రాదు.

“ఎలా దిద్దాలో చెప్పండి, ఇప్పుడే దిద్దేస్తాను.”

“తప్పు మీద రెండు గీతలు కొట్టి పక్కన ముద్ర వెయ్యాలి. ఎవరి ముద్ర ఉందో వాళ్ళే స్వయంగా వచ్చి నా ఎదురుగా వెయ్యాలి. అది నిబంధన.”

తప్పు చేసింది స్వామి, దిద్దాల్సింది తొమిజిరో. ప్రభుత్వం వారి న్యాయం అలాగే ఉంటుంది మరి.

“ఆయన పోయాడని మీరే అన్నారుగా!”

“అన్నాను. నిబంధనలో ఆ సంగతి లేదు.” మియోషి శ్రద్ధగా కేలండరు తిరగేసింది. “ఆగస్టు పదమూడు నుంచి బోన్ పండగ. పోయినవాళ్ళంతా ఇళ్ళకొస్తారుగా? ఆ మూడు రోజులూ ఆఫీసు తెరిచే ఉంటుంది. అయిదింటిలోగా తీసుకురండి.”

స్వామి ఓపిక అక్కడితో సరి. హాలంతా తిరిగి చూసేలా అరిచాడు.

“మతి ఉండే మాట్లాడుతున్నావా అమ్మా? చచ్చినవాళ్ళు ఎక్కడైనా తిరిగొస్తారా? ఒట్టి మాటలు!”

మియోషి కలం పక్కన పెట్టి, మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

“మరి నిరుడు బోన్‌కి మా ఇంటికొచ్చి, ‘మీ అమ్మ వచ్చింది, కాస్త చోటివ్వు’ అని నన్ను పక్కకు జరిపి మంత్రం చదివారే, అదెవరికి స్వామీ?”