బిస్కెట్టు డబ్బా

"పెట్రోలుతో ఇంట్లో ఆటలేంటికప్పా? మెకానిక్కు దగ్గిరికి తీసుకోని పోరాదా?"

సుమిత పెరటి గడప దాటకుండా నిలబడి అడిగింది. మొగుడు యోగానంద్ తలెత్తలేదు. బండి నుంచి ఊడదీసిన ట్యాంకును గోనెపట్ట మీద బోర్లించి, అడుగున తుప్పు గీకుతున్నాడు. తుప్పు మధ్యలో ఆవగింజంత చిల్లు.

"మెకానిక్కు కొత్త ట్యాంకే వెయ్యాలంటా ఉండాడు. నెల కడాకి దుడ్డు యాడుండాది? రేప్పొద్దున ఆరుకంతా నేను వేలూరులో డ్యూటీకి ఉండాల."

"పేలితే?"

"నిప్పుతో పనే లేదు గదే! ఈ నల్ల ముద్ద, తెల్ల ముద్ద కలిపి పిసికేది, తూటు మీద అంటించేది. గంట ఆరితే రాయి మాదిరి అయిపోతాది."

"ఎవురు చెప్పినారు?"

"ఫోన్లో చూసినా."

"ఫోనుకేం, అది కాలదు. కాలేది మనం."

ట్యాంకులోంచి తీసిన పెట్రోలు మూతలేని పెయింటు డబ్బాలో పక్కనే ఉంది. ఆ వాసన మధ్యాహ్నం నుంచి ఇల్లంతా పట్టుకుని వదలడం లేదు. సుమిత అప్పుడే గ్యాసు కట్టేసింది. అగ్గిపెట్టెను బియ్యం డ్రమ్ములో అడుక్కి దూర్చింది. దేవుడి దగ్గర దీపం కూడా పెట్టలేదు. అత్త చిన్నమణికి అదే కంటగింపుగా ఉంది.

"శుక్రవారం పూట దీపం లేదు, సాంబ్రాణి లేదు. కాఫీ నీళ్ళకు కూడా దిక్కు లేదు. ఇదేం ఇల్లమ్మా?"

"అత్తా, నీకు దండం పెడతా. ఈ పొద్దు ఒక్క దినం నిప్పు మాట ఎత్తొద్దు."

"మాటెత్తితేనే అంటుకుంటాదా? బండికి దిష్టి తగిలిందని తెలిసి తెలిసీ, దానికి పొగ చూపించకుండా బంక పూస్తా ఉండారు!"

ప్రతి శుక్రవారం చిన్నమణి సాంబ్రాణి పొగను ముందు దేవుడికి, ఆ వెంటనే కొడుకు బండికి చూపిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదు.

"నేను పోయి సెల్లమ్మ దగ్గిర కూర్చుంటా. ఆమింట్లో పొయ్యన్నా మండతా ఉంటాది," అని సణుక్కుంటూ పెరట్లోంచే పక్కింట్లోకి వెళ్ళిపోయింది. రెండిళ్ళకూ పెరడు ఒకటే.

సుమిత ముందు గదిలో బీడీల చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు ఆకు చుడుతున్నాయి. చెవులు మాత్రం పెరట్లోనే ఉన్నాయి. రెండున్నరేళ్ళ నివేద మధ్య గదిలో ఆడుకుంటోంది.

"అమ్మా! తీ! తీ!"

చేట ఎగిరి పడింది. తీ అంటే అరవంలో నిప్పు. బిడ్డ పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ మాట చెప్పి భయపెట్టింది సుమితే. ఒక్క అక్షరం, బిడ్డ నోటికి సులువుగా తిరుగుతుందని.

వంటింట్లో బిందె అందుకుంది. పెరటి గుమ్మంలోంచి బిందెడు నీళ్ళూ ట్యాంకు మీద, మొగుడి మీద కుమ్మరించింది.

"ఏమైందే నీకు?" యోగానంద్ తడిసి ముద్దయి లేచాడు.

"తీ అంటా ఉండాది బిడ్డ!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. నివేద బిస్కెట్టు డబ్బాను పొట్టకు ఆనించుకుని, రెండు చేతులా మూత లాగుతోంది.

"తీ," అంది మళ్ళీ, డబ్బా చాపుతూ.

యోగానంద్ గోడకు ఆనుకుని నవ్వాడు. "బిడ్డ తెలుగులో డబ్బా తీ అనింది. తల్లికి అరవంలో వినబడింది! మన ఇంట్లో తెలుగే గదే మాట్లాడేది!"

నవ్వు ఆగాక ట్యాంకు వైపు చూశాడు. అంటించిన పచ్చి ముద్ద జారి గోనెపట్ట మీద పడి ఉంది. అతని మొహం మారింది.

"ఇంక మిగిలిన ముద్ద ఒక్కసారికే సరిపోతాది. ఇది కూడా చెడిపోతే రేపు డ్యూటీ లేదు, చూసుకో. ఇంకోసారి బిడ్డ తీ అంటే బిందె పట్టుకోని పరిగెత్తొద్దు. ముందు డబ్బా తియ్యి!"

సుమిత తల దించుకుని, చెదిరిన ఆకులు ఏరుకుంది.

గీకి, తుడిచి, మళ్ళీ అంటించేసరికి అయిదయింది. యోగానంద్ పెరటి తలుపు దగ్గరగా వేసి ముందు గదిలోకి వచ్చాడు. "గంట దాకా ఎవురూ ఆ పక్కకి పోవద్దు. చేతులు కడుక్కోని వస్తా," అని వీధి పంపు దగ్గరికి వెళ్ళాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి సన్నగా సాంబ్రాణి వాసన వచ్చింది. సెల్లమ్మ వాళ్ళింట్లో వేసినట్టున్నారు, శుక్రవారం కదా అనుకుంది సుమిత. ఆ వాసనకు పెట్రోలు కంపు కొంచెం అణిగినట్టయి, మధ్యాహ్నం నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

నివేద మధ్య గదిలోంచి పరిగెత్తుకొచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకు లాగింది.

"అమ్మా, తీ. తీ."

సుమిత చేట పక్కన పెట్టింది. సగం లేచింది. మొగుడి నవ్వు గుర్తొచ్చింది. జారిపడిన ముద్ద గుర్తొచ్చింది. మళ్ళీ కూర్చుంది. తనకు తానే నవ్వుకుని, బిస్కెట్టు డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీసింది.

"ఇంద బంగారూ. తీసినా, తిను."

నివేద బిస్కెట్టు అందుకోలేదు. డబ్బా వైపు చూడను కూడా లేదు. వేలు పెరటి తలుపు వైపు చాపింది.

"అవ్వ," అంది. "తీ."

ఈసారి బిడ్డ మాట్లాడుతున్నది తెలుగు కాదు.