వెనక బల్ల పెద్దాయన

కోర్టు హాల్లో వెనక బల్ల మీద కూర్చున్న పెద్దాయన కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.

ఆమె కూర్చుంది కానీ, బ్యాగు తీసి ఇద్దరి మధ్యా పెట్టుకుంది.

ఆయన ప్రతి వాయిదాకీ వస్తున్నాడు. మిగతా కేసులు పట్టించుకోడు. ఆమె కేసు పిలవగానే కళ్లజోడు సర్దుకుని నిటారుగా కూర్చుంటాడు.

టెలికాం శాఖవాళ్లు పంపిన మనిషే అయ్యుంటాడనీ, ఆయన ముందు నోరు జారవద్దనీ తమ్ముడు ఆమెను ముందే హెచ్చరించాడు.

ఆ కేసు అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి పెట్టిన ఫోన్ కంపెనీది. పెద్ద కంపెనీలు తొంగిచూడని కొండ ఊళ్లకు సిగ్నల్ ఇస్తామని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి టవర్లు నిలబెట్టారు. తొలి టవరు పనిచేసిన రోజు ఒకామె పుట్టింటికి ఫోన్ చేసి, మాట పెగలక ఏడుస్తూ ఉండిపోయింది.

ఏడాది తిరక్కుండానే శాఖ లైసెన్సు వెనక్కి తీసుకుంది. గడువులోగా టవర్లు పూర్తి చేయలేదట. ఆ కొండలను ఇంకో కంపెనీకి ఇచ్చేసింది.

పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. తమ్ముడు మనిషి సగమైపోయాడు. ఒప్పందం తప్పినందుకు నష్టపరిహారం ఇప్పించమని ఆమె కోర్టుకెక్కింది.

ఆ రోజు భోజనాలకు కోర్టు లేచాక పెద్దాయన మెల్లగా అడిగాడు.

"మీ తరఫున సాక్షులెవరినీ పిలిపించరా అమ్మా?"

"మా ప్లీడరుగారు చూసుకుంటారు లెండి."

"టవర్ల పని ఎంతవరకు అయిందో చూడ్డానికి శాఖ నుంచి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు కదా. కోర్టు పిలిస్తే రాక తప్పదు."

"శాఖవాళ్లొచ్చి మా తరఫున చెబుతారా? అయినా మీకెందుకండీ ఈ గొడవ?"

పెద్దాయన ఏదో అనబోయి ఆగిపోయాడు.

ఆ సంగతి చెబితే, ఇది మనల్ని బోల్తా కొట్టించే ఎత్తు అని తేల్చేశాడు తమ్ముడు. ప్లీడరు దాకా ఆ మాట వెళ్లనే లేదు.

ఆ తర్వాత కూడా పెద్దాయన కొన్ని వాయిదాలకు వచ్చాడు. ఆమె వేరే బల్ల చూసుకుంది. పోనుపోను ఆయన రావడం మానేశాడు. పీడ వదిలిందనుకుంది.

తీర్పు వచ్చింది.

టవర్లు గడువులోగా పూర్తయ్యాయని కంపెనీవాళ్లు చెప్పుకోవడమే తప్ప, చూశానని చెప్పిన బయటి మనిషి ఒక్కరూ లేరన్నారు జడ్జిగారు. పరిహారం లేదు.

తమ్ముడు ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వరండాలో ఒంటరిగా నిలబడ్డ ఆమె దగ్గరికి ప్రభుత్వ ప్లీడరు వచ్చాడు. గెలిచిన కళ లేదు ఆయన మొహంలో. పైకోర్టుకు వెళతారా అని అడిగాడు.

"వెళతాం. అక్కడికీ పంపించండి, మీ వెనక బల్ల మనిషిని."

ప్లీడరు తల అడ్డంగా ఊపాడు.

"ఆయన పోయి నెల దాటిందమ్మా."

ఆమె గొంతులో పదును తగ్గింది. "ఇంతకీ ఎవరాయన?"

"మా శాఖ మనిషే," అన్నాడు ప్లీడరు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని. "మీకు తెలియకుండా కొండలెక్కి మీ టవర్లన్నీ చూసి, గడువులోగానే పనిచేస్తున్నాయని చెప్పి, ఆ మాట మార్చమంటే మార్చనని ఉద్యోగం వదులుకున్నాడు; ఉద్యోగంలో తెలిసిన సంగతుల మీద కోర్టు పిలిస్తే తప్ప నోరు విప్పకూడదు కనుక, మీరు పిలిపిస్తారేమోనని వచ్చి కూర్చునేవాడు."