నెయ్యి తిన్న బూజు

ఒకప్పుడు ఇంట్లో బూజు పడితే దులిపేవారు. ఇప్పుడు బూజు పట్టకపోతే దిగులు పడుతున్నారు. కాకినాడలో ప్రతి వంటింట్లోనూ ఒక బూజు తొట్టి ఉంది. మిగిలిన అన్నం వేస్తే మర్నాటికి కూరముక్కలు కాస్తుంది. మాణిక్యాంబ గారి బూజు మాత్రం ఈ వారం నారింజరంగుకి తిరిగి, చేదు ముక్కలు కాసింది.

బూజు వైద్యుడు ఫణీంద్ర మూత తీసి వాసన చూశాడు. "నెయ్యి వేశారా పిన్నిగారూ?"

"పప్పన్నం ఒట్టిదే ఎవరికైనా పెడతామా నాయనా? చిక్కిపోయిందని రోజూ ఓ చెంచాడు వేశాను."

"దీని పాత విషపు జన్యువుకి మిథైల్ అనే రసాయనపు తాళం వేసి ఉంటుందండీ. డీఅసిటైలేజ్ అనే ఎంజైము కాపలా ఉంటేనే ఆ తాళం నిలుస్తుంది. నేతిలోని ఆమ్లం కాపలావాణ్ణి జోకొట్టింది. తాళం ఊడింది, విషం లేచింది."

"అయితే పారేస్తావా?" పదేళ్లుగా ఆమె కబుర్లన్నీ ఆ తొట్టితోనే.

"నెల్లాళ్లు ఒట్టి గంజి పోయండి. తాళం మళ్లీ పడితే సరే, లేకపోతే కొలిమిలో కాల్చెయ్యడమే."

ఆ మధ్యాహ్నం మాణిక్యాంబ తొట్టిలో గంజి పోసి, పక్కనే కూర్చుని తన పప్పన్నం కలుపుకుంది. నేతిగిన్నె దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు పథ్యంలో ఉంటే నాకెలా దిగుతుందే," అంది తొట్టితో.

స్టూలు వేసుకుని, నేతిగిన్నెని అటకెక్కించింది.