ట్రెబుల్ తగ్గించిందెవరు?

"నా పెట్టె మీద చెయ్యేసిందెవరు?"

ఆ అరుపుకి డ్రమ్మరు చేతిలో కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. రెండో గిటారు శ్రుతి చేసుకుంటున్న బామ్మర్ది తలెత్తలేదు. టీ కప్పులతో వస్తున్న భార్య వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ బ్యాండులో మొదటి గిటారు ఆయనదే; చాటుగా ఆయన్ని అగ్గిపెట్టె అంటారు. ఇవాళ గీసిందెవరో తెలియదు గానీ, అంటుకోవడం మాత్రం అంటుకుంది.

పెట్టె అంటే ఆయన కాళ్ల దగ్గరుండే ఆంప్ మోడలర్. గిటారు వైరు అందులో గుచ్చి కాలితో మీట నొక్కితే చాలు, ఏ పాటకి ఏ ఆంప్లిఫయర్ మోత కావాలో అదే పలుకుతుంది. ఒక్కో పాట మోతనీ వారాల తరబడి దిద్ది, పేరు పెట్టి అందులో దాచుకున్నాడు. కట్టుకున్న భార్యకైనా సరే, దాని మీద దుమ్ము తుడిచే హక్కు లేదు.

"నిన్న ట్రెబుల్ ఎనిమిది మీద పెట్టి సేవ్ చేశాను. ఇవాళ చూస్తే ఐదు! మొన్నా ఇదే వరస. దానికేమైనా చేతులు మొలిచాయా?"

"దానంతటదే పడిపోయిందేమో అన్నా," అన్నాడు డ్రమ్మరు.

"పడిపోవడానికి అదేమన్నా నీ తాళమా?"

సన్నని స్వరాల పదును పెంచే ట్రెబుల్‌ని చివరికంటా తిప్పి తీగ మీటాడు. అయినా గిటారు మీద ఎవరో దుప్పటి కప్పినట్టే ఉంది. లోపల ఇంకా ఏమేం కెలికారోనని ఆయన ఒళ్లు మండిపోయింది. ఇంతలో డ్రమ్మరు చెవుల్లో దూది పెట్టుకోవడం కంటబడింది.

"పొద్దస్తమానం డబడబా బాదేవాడివి, నా గిటారుకి నీకు దూది కావాలా?"

ఆయన అనుమానమంతా బామ్మర్ది మీదే. కిందటి ప్రోగ్రాంలో ముందు వరస పిల్ల చెవులు మూసుకుంటే, నీ మొరటు వాయింపు వల్లేనని నలుగురిలో తిట్టాడు. ఆ కక్ష ఇలా తీర్చుకుంటున్నాడన్నమాట!

"పోనీలెండి, టీ చల్లారిపోతోంది," అంది భార్య.

"ఈ ఇంట్లో ఏది సరిగ్గా ఏడిచింది గనక! వీధి తలుపు పిట్టకూత బెల్లు చూడు, మోగి చావదు. ఎలక్ట్రీషియన్ రెండుసార్లు విప్పి బిగించి పోయాడు. నిన్న కొరియరువాడు నా కొత్త తీగలు తెచ్చి, వాకిట్లో నిలబడి నిలబడి వెనక్కి పోయాడు. నేను ఇంట్లో ఉండగానే!"

"నేనున్నప్పుడు మోగుతుందండీ."

"అంటే నేనంటే దానికి కూడా లోకువేనన్నమాట!"

"ఎలక్ట్రీషియన్‌ని ఇవాళ మళ్లీ రమ్మన్నాను లెండి," అని ఆవిడ తల దించుకుంది.

బామ్మర్ది గిటారు పక్కన పెట్టి లేచాడు. "బావా, ట్రెబుల్ తగ్గించింది నేనే."

డ్రమ్మరు గబుక్కున చెవుల్లో దూది పీకేశాడు.

"నువ్వా!" ఆయన ఒక అడుగు ముందుకేశాడు. "వేలు పట్టుకుని తీగ మీటడం నేర్పాను. నా పక్కన నిలబెట్టుకున్నాను. ఏకై వచ్చి మేకై కూర్చున్నావు కదరా!"

"ఎలా చెప్పాలో తెలీక చేశాను బావా. ఒక్కసారి నా మాట విను."

"వినను! రేపటి ప్రోగ్రాంలో నువ్వు లేవు. ఇంకే ప్రోగ్రాంలోనూ లేవు. నీ గిటారు తీసుకుని నడు!"

"వాడు చెప్పేది వినండీ," అంది భార్య. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వూ వాడి జట్టేనా? ఎవరూ నోరెత్తొద్దు! ఈ ఇంట్లో నాకు చీమ చిటుక్కుమన్నా వినబడకూడదు!"

అందరూ నోళ్లు మూసుకున్నారు. ఆయన అడిగిన నిశ్శబ్దం ఆయనకి దొరికింది.

ఉన్నట్టుండి ముగ్గురూ ఒకేసారి వీధి తలుపు వైపు తిరిగారు. ఎవరూ కదల్లేదు. తలుపు వైపు చూసిన ఆ కళ్లే మెల్లిగా ఆయన వైపు తిరిగాయి. బామ్మర్ది ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. అది చూసేసరికి ఆయనకి మరీ మండింది.

"దారి వెతుక్కుంటున్నావా? ఉండు, నేనే చూపిస్తాను!"

విసవిసా నడిచి వెళ్లి తలుపు భళ్లున తీశాడు.

వాకిట్లో నిలబడ్డ ఎలక్ట్రీషియన్ వేలు ఇంకా బెల్లు మీదే ఉంది.